సండే స్కూల్ పిల్లలతో వాళ్ల సొంత కథ ప్లాన్ చేయించడం ఎట్లా?

చిత్తూరు సండే స్కూల్ టీచర్

అందరికీ వందనాలు. మాది చిత్తూరు పక్కన ఒక చిన్న సంఘం. నా క్లాసులో ఉండేది 6 నుంచి 8 ఏళ్ల పిల్లలు. ఈసారి పిల్లల ఆదివారం నాడు పాటలు, కంఠత బైబిల్ వాక్యాలతో పాటు ప్రతి ఒక్కరూ తమకు జరిగిన ఒక సంగతిని చిన్న కథగా రాసుకొని చెప్పాలని పాస్టరుగారు అన్నారు. ఆ మాట వినగానే నాకు చాలా సంతోషమేసింది, ఎందుకంటే మా చర్చిలో పిల్లలు ఎప్పుడూ ఎవరో రాసిచ్చిన మాటలే అప్పజెప్తారు.

కానీ కథ రాయమంటే రెండు రకాలే వస్తున్నాయి. మొదటిది "నాకు జ్వరం వచ్చింది, ప్రార్థన చేశారు, తగ్గిపోయింది, దేవునికి స్తోత్రం". రెండోది "మేము తిరుపతి జూకి పోయాము, పులిని చూశాము, ఐస్‌క్రీమ్ తిన్నాము, ఇంటికి వచ్చాము". ఇవేవీ అబద్ధాలు కావు. అయితే కాగితం మీద పేరు తీసేస్తే ఏది ఎవరిదో నేను కూడా చెప్పలేను. ఇదే పిల్లలు క్లాసు మొదలయ్యే ముందు చెప్పులు విడిచే చోట చెప్పుకునే కబుర్లు వింటే ఎంత బాగుంటాయో! పెన్సిల్ పట్టుకోగానే అదంతా ఎక్కడికి పోతుందో తెలియడం లేదు.

రాసే ముందు ప్లాన్ చేయించాలి అని మాత్రం అర్థమైంది. ఈ వయసు పిల్లలకు ప్లాన్ అంటే ఏం చేయించాలి? బొమ్మలు వేయించాలా, ప్రశ్నలు అడగాలా? ఇంకొక టెన్షన్ ఏంటంటే, ప్రతి కథ చివర ఒక బైబిల్ వాక్యం తప్పకుండా ఉండాలని సంఘ పెద్దలు అంటున్నారు. మాకు ఉండేది వారానికి గంట, పాటలు ప్రార్థన పోగా అరగంట. పిల్లలతో ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

ఒకటో తరగతి టీచర్, తిరుపతి

వందనాలు సిస్టర్. నేను తిరుపతిలో ఒక మిషన్ స్కూల్లో ఒకటో తరగతి చెప్తాను, ఆదివారం మా చర్చిలో చిన్నపిల్లల క్లాసు కూడా నాదే, కాబట్టి రెండు చోట్లా ఇదే పని.

ముందు ఆ జ్వరం కథ గురించి. పిల్లలు చర్చిలో వినే సొంత కథలన్నీ పెద్దవాళ్ల సాక్ష్యాలే. కష్టం వచ్చింది, మొరపెట్టుకున్నాం, విడుదల దొరికింది. చర్చిలో కథ అంటే ఇట్లాగే ఉండాలి కాబోలు అని వాళ్లకు వాళ్లే తీర్మానించుకుంటారు. మనం కూడా "దేవుడు నీకు చేసిన మేలు రాయి" అని అడిగితే ఆ వయసుకు తెలిసిన మేలు జ్వరం తగ్గడమే. అందుకే అడిగే ప్రశ్న మార్చండి. ఎప్పుడైనా బాగా భయమేసిందా? ఎవరితోనైనా గొడవపడి మళ్లీ కలిశారా? ఏదైనా పోగొట్టుకొని వెతికారా? నీ దగ్గరున్నది ఎవరికైనా ఇచ్చేసి, ఇచ్చాక బాధపడ్డావా? ప్రార్థన జరిగేటప్పుడు నవ్వు ఆపుకోలేకపోయావా? ఇట్లాంటివి అడిగితే చేతులు వాటంతటవే లేస్తాయి.

జూ కథ సమస్య వేరే. అందులో పొద్దున్నుంచి రాత్రిదాకా ఉంది. ఆరేళ్ల పిల్లాడు ఒక రోజంతా మోయలేడు, అందుకే పేర్లు వరసగా చెప్పేసి ఊరుకుంటాడు. వాడి పక్కన కూర్చొని "పులి దగ్గర మీరు నిలబడినప్పుడు ఎవరు ఏం చేశారు?" అని అంత ముక్కే అడగండి. పది నిమిషాల్లో జరిగి అయిపోయిన సంగతైతే చాలు.

ఇంక ప్లాన్. ఒక తెల్ల కాగితాన్ని రెండుసార్లు మడిస్తే నాలుగు గళ్లు వస్తాయి. కొత్త కాగితాలు కొనక్కర్లేదు, పాత వాక్య క్యాలెండర్ల వెనకవైపు బాగా పనికొస్తుంది. మొదటి గడిలో ఎక్కడ, ఎవరెవరు. రెండో గడిలో ఏం జరగడం మొదలైంది. మూడో గడిలో అసలు సంగతి, గుండె దడదడలాడిన చోటు. నాలుగో గడిలో చివరికి ఏమైంది. పుల్లల్లాంటి మనుషుల బొమ్మలు, ఒక్కో బొమ్మ కింద ఒక్క మాట, అంతే. క్రేయాన్లు మాత్రం అప్పుడే ఇవ్వొద్దు. ఇస్తే ఆకాశానికి రంగు వేస్తూ అరగంటా అయిపోతుంది, కథ మొదలే కాదు.

మా క్లాసులో ఒక పాప ప్లాన్ చెప్తాను. ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం ఊరేగింపు. మొదటి గడిలో చర్చి గేటు, తను, వాళ్లక్క, ఇద్దరి చేతుల్లో ఈత మట్టలు. రెండో గడిలో బోరింగు మలుపు దగ్గర ఒక మేక. "మేకొచ్చి నా మట్ట పెరుక్కునింది" అని చెప్పింది. మూడో గడిలో తను నోరంతా తెరిచి ఏడుస్తోంది, అక్క తన మట్టను నిలువునా చీలుస్తోంది. నాలుగో గడిలో ఇద్దరూ చెరో సగం పట్టుకొని లోపలికి పోతున్నారు. బొమ్మల కింద రాసిన మాటలు: మట్ట, మేక, సగం, చర్చి. అన్నిటికంటే పెద్ద బొమ్మ మేకదే! ఆ కాగితం నేను దాచుకున్నాను.

గళ్లు నింపగానే రాయించొద్దు, ఇది చాలా ముఖ్యం. ఒక్కో గడి మీద వేలు పెట్టి నోటితో చెప్పించండి, పక్కన కూర్చున్న పిల్లకో పిల్లాడికో. విన్నవాళ్లు ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. ఆ పాపను పక్కనున్న పిల్లాడు "మేక ఎవరిది?" అని అడిగాడు, రెండోసారి చెప్పినప్పుడు మేక యజమానురాలు కూడా కథలోకి వచ్చి "హెయ్ హెయ్" అని అదిలించింది. ఇట్లా రెండు మూడు సార్లు నోట్లో నలిగాక రాస్తే వాక్యాలు వాటికవే వస్తాయి, "తర్వాత ఏం రాయాలక్కా?" అని మన చుట్టూ తిరగరు.

పిల్లలకు మొదటిసారి నేర్పేటప్పుడు తెలిసిన కథతో మొదలుపెట్టొచ్చు. నేను బైబిల్లో మార్కు సువార్త 4వ అధ్యాయంలోని తుఫాను కథ తీసుకుంటాను. దోనె బయలుదేరడం, గాలి లేచి నీళ్లు లోపలికి రావడం, శిష్యులు యేసును లేపడం, నెమ్మదించడం. నాలుగు గళ్లకు సరిగ్గా సరిపోతుంది. అందులో యేసు తలగడ మీద నిద్రపోతున్నాడని ఉంది చూడండి. మత్తయి, లూకా కూడా ఇదే సంగతి రాశారు కానీ తలగడ మాట మార్కు ఒక్కడే చెప్పాడు. అది పిల్లలకు చూపించి, అంత గాలివానలో తలగడ మీద తల పెట్టుకొని పడుకోవడం ఎట్లా ఉంటుందో చేసి చూపించమంటాను. తర్వాత ప్రతి ఒక్కరి ప్లాన్ దగ్గరా ఆగి "నీ కథలో తలగడ ఏది?" అని అడుగుతాను. అంటే కళ్లకు కనిపించే ఒక్క చిన్న వస్తువు. చిరిగిన జేబు, తెగిన చెప్పు, అమ్మ చేతిలో టార్చిలైటు, ఏదైనా సరే. దాన్ని ఏదో ఒక గడిలో బొమ్మ వేయాలి.

సంఘ సభ్యుడు, పలమనేరు

టీచరమ్మ చెప్పిన పద్ధతి బాగుంది. నాకు మాత్రం ఒక మాట చెప్పాలనిపించింది, తప్పుగా అనుకోవద్దు. మేక కథ వినడానికి ముద్దుగానే ఉంది, కానీ అది స్కూల్లో కూడా చెప్పొచ్చు. చర్చిలో పిల్లలు నిలబడి చెప్పేటప్పుడు దేవుని కార్యం కనబడాలి కదా. యెహోషువ 4లో ఇశ్రాయేలీయులు యొర్దాను నది మధ్యలోనుంచి 12 రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలబెట్టింది ఎందుకు? రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగితే దేవుడు నీళ్లను ఆపిన సంగతి చెప్పడానికే. మార్కు 5లో సమాధుల్లో తిరిగిన మనిషి బాగుపడ్డాక, ఇంటికిపోయి ప్రభువు నీకు చేసినవన్నీ నీవాళ్లకు చెప్పు అనే కదా యేసు పంపింది. పిల్లలకు ఈ అలవాటు చిన్నప్పుడే పడాలి. చివర ఒక వాక్యం ఉండాలని పెద్దలు అడగడంలో తప్పేముంది? వాక్యం లేకపోతే రేపు ఆ పిల్లలు చర్చిలో సినిమా కథలు చెప్తారు.

చిత్తూరు సండే స్కూల్ టీచర్

అన్నా, మీ మాట మా పెద్దల మాటలాగే ఉంది, వాళ్లకు సమాధానం చెప్పాల్సింది నేనే కాబట్టి దీని గురించి ఇంకొంచెం మాట్లాడుకుందాం. నాకు కూడా దేవుని ప్రస్తావన లేకుండా కథలు రావాలని లేదు. కాకపోతే వాక్యం ఉండాలి అని ముందే చెప్పేస్తే పిల్లలు వాక్యం నుంచి వెనక్కి కథ అల్లుతున్నారు. "యెహోవా నా కాపరి" అని పెట్టుకొని దానికి తగ్గట్టు ఏదో ఒక కష్టం తెస్తున్నారు. ఒక బాబు తనకు కాలు విరిగిందని రాశాడు, ఎప్పుడూ విరగలేదు. వాడిని ఏమీ అనబుద్ధి కాలేదు, మనం అడిగింది ఇద్దామని చూశాడు పాపం.

ఒకటో తరగతి టీచర్, తిరుపతి

బ్రదర్, మీరు చెప్పిన యెహోషువ 4 నాకు చాలా ఇష్టమైన భాగం. అందులో రాళ్లు ఎక్కడివి? యాజకుల కాళ్లు నిలిచిన చోటునుంచే తీయమన్నాడు. గట్టు మీద నున్నగా ఉన్న రాళ్లు ఏరుకోమనలేదు. పిల్లల దగ్గర కూడా సంగతి జరిగిన చోటునుంచే తీయాలని నా అభిప్రాయం. యోహాను 9లో చూపొచ్చిన మనిషిని పట్టుకొని పరిసయ్యులు యేసు పాపి అని మాకు తెలుసు అని నిలదీస్తే, అది నాకు తెలియదు, ఒక్కటి తెలుసు, గుడ్డివాడిని, ఇప్పుడు చూస్తున్నాను అన్నాడు. తెలిసినంతే చెప్పాడు. ఆ అబ్బాయి విరగని కాలు గురించి రాశాడంటే నాకు నిజంగా బాధగా ఉంది, ఎందుకంటే దేవుని పేరు మీద అబద్ధం చెప్పొచ్చు, పెద్దవాళ్లు మెచ్చుకుంటారు అని ఆ పిల్లాడికి మనమే నేర్పినట్టవుతుంది. సినిమా కథలు వస్తాయేమోనని మీరు భయపడుతున్నారు, నాకు ఇదింకా పెద్ద భయం.

దేవుని సంగతి వదిలేయమని నేను అనడం లేదు. దాన్ని ఎప్పుడు అడగాలి అన్నదే నా మాట. నాలుగు గళ్లూ నింపి, రెండుసార్లు చెప్పాక, ఒక్క ప్రశ్న అడుగుతాను: "ఈ నాలుగు గళ్లల్లో నీకు దేవుడు గుర్తొచ్చింది ఎక్కడ?" వేలు పెట్టమంటాను. ఎక్కడా లేదు అంటే సరే అంటాను, బలవంతం లేదు. మేక పాప మూడో గడి మీద వేలు పెట్టింది, అక్క మట్ట చీల్చిన చోట. ఎందుకని అడిగితే "అడక్కుండానే ఇచ్చింది కదా" అనింది. ఆ మాటనే అదే గడి కింద రాయించాను. ఐదు రొట్టెలు రెండు చేపలు ఇచ్చిన చిన్నవాడి గురించి మనం ఎన్ని ప్రసంగాలు విన్నాం! ఆ చిన్నవాడి సంగతి యోహాను ఒక్కడే రాశాడు, అదీ శిష్యుడు అంద్రెయ నోట ఒక్క మాటలో. ఈ పాప అక్క చేసింది కూడా అట్లాంటి పనే అని నేనైతే అనుకుంటాను.

వాక్యం విషయంలో పెద్దలకు ఒక దారి చెప్పొచ్చు. ఒక్కో కథకు ఒక్కో వాక్యం వద్దు, మొత్తం కార్యక్రమానికి ఒకటే పెట్టండి. కీర్తన 78లో 4వ వచనం, రాబోయే తరానికి యెహోవా కార్యాలు దాచకుండా చెప్తాం అనేది. పెద్దల్లో ఒకరు అది మొదట్లో చదవాలి, ఆ తర్వాత పిల్లలు వచ్చి వాళ్ల కథలు చెప్పాలి. మా చర్చిలో ఇదే చేశాం, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

నగరి నుంచి ఒక అమ్మ

నేను టీచర్ని కాదు, ఈ కార్యక్రమంలో నిలబడిన పిల్లాడి అమ్మని. మా ఇంట్లో తమిళం, చర్చిలో తెలుగు, బడిలో ఇంగ్లీష్. మావాడికి తెలుగులో చెప్పడం బాగా వచ్చు, రాయడం మాత్రం ఒత్తుల దగ్గర ఆగిపోతాడు. వాళ్ల సండే స్కూల్ అక్క ఇట్లాగే గళ్లు ఇచ్చి, నోటితో చెప్పేది ఏ భాషలో అయినా పరవాలేదు అనింది. వాడు ఇంట్లో వాళ్ల అవ్వకు తమిళంలో చెప్పాడు, క్లాసులో తెలుగులో చెప్పాడు. రెండు చోట్లా బొమ్మలు అవే కదా. రాసేటప్పుడు వాడు చెప్తుంటే అక్క రాసింది, వాడు దాన్ని చూసి రాసుకున్నాడు.

దయచేసి పిల్లల మాటను పుస్తకం మాటగా మార్చొద్దు. మావాడు "మా తాత సైకిల్ ఎక్కించుకొని పోతా ఉండాడు" అని చెప్తే అది "తాతగారు నన్ను సైకిలుపై తీసుకొని వెళ్లుచుండెను" అయిపోతే అది వాడి కథ కాదు. బడిలో నేర్చుకునే భాష బడిలో నేర్చుకుంటారు.

ఇంకొకటి, చెప్పే రోజు పూర్తిగా రాసిన పేజీ చేతికిస్తే మావాడు తల దించుకొని గబగబా చదివేస్తాడు. గళ్ల కాగితం ఇస్తే బొమ్మ చూసి తల ఎత్తి చెప్పాడు. మీ పిల్లల్లో భయం ఉన్నవాళ్లు ఉంటే అట్లా చేసి చూడండి. రాసిన పేజీని గోడకు అంటించొచ్చు.

పాస్టరమ్మ, పుత్తూరు

చాలా మంచి విషయం అడిగావమ్మా. పద్ధతి గురించి అందరూ చెప్పారు, నేను ఎవరూ ఎత్తని రెండు సంగతులు చెప్తాను.

నిజం చెప్పమని పిల్లలను అడిగితే నిజమే చెప్తారు. నాలుగు గళ్ల కాగితంలో నాన్న తాగొచ్చి అన్నం గిన్నె విసిరేసిన బొమ్మ రావొచ్చు. అప్పు ఇచ్చినవాళ్లు ఇంటిముందు అరిచింది రావొచ్చు. ఆ పిల్ల నమ్మి మన దగ్గర పెట్టింది, దాన్ని కొట్టిపారేయకూడదు, సంఘం అందరి ముందూ చెప్పించనూ కూడదు. "ఇది నాకు చెప్పినందుకు మంచిదమ్మా, ఇది మనం దాచుకుందాం, అందరికీ చెప్పడానికి ఇంకొకటి ప్లాన్ చేద్దాం" అని చెప్పాలి. పిల్లను ఎవరైనా కొడుతున్నట్టో, తాకకూడని చోట తాకుతున్నట్టో అనిపిస్తే ప్రార్థన చేసి ఊరుకోవడం సరిపోదు. పాస్టరుగారితో చెప్పండి, 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల కోసం పెట్టిన ఉచిత నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మన సంఘం పరువు గురించి ఆలోచించి ఆగొద్దు. అందుకే ప్లాన్ కాగితాలు అన్నీ మీరే చూసి, ఏది అందరి ముందు చెప్పొచ్చో ఇంట్లోవాళ్లతోనూ పిల్లతోనూ మాట్లాడి తేల్చుకోండి.

రెండోది, అన్ని కథలూ "తగ్గిపోయింది, స్తోత్రం" దగ్గర ముగియవు. అవ్వ కోసం ప్రార్థన చేశాం, అవ్వ చనిపోయింది. ఏడేళ్ల పిల్లకు ఇది తెలుసు. నాలుగో గడిలో ఏం వేయాలో తెలియక ఖాళీగా వదిలేస్తుంది. మనం తొందరపడి "అవ్వ పరలోకంలో సంతోషంగా ఉందని రాయి" అంటాం. అది మన విశ్వాసమే, నేనూ నమ్ముతాను, కానీ ఆ పిల్ల నోట రాకముందే మనం ఆ గడి నింపేయకూడదు. కీర్తనల్లో 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. ఆ పిల్ల నాలుగో గడిలో ఖాళీ మంచం బొమ్మ వేస్తే వేయనివ్వండి, పక్కన కూర్చోండి, అవ్వ గురించి ఇంకొంచెం చెప్పమని అడగండి. కొందరు అవ్వ చేసే సంగటి ముద్ద గురించి మొదలుపెడతారు, అదే వాళ్లు చెప్పాలనుకున్న కథ అయి ఉంటుంది.

మన సండే స్కూల్‌కు వచ్చే పిల్లల్లో వేరే మతం ఇళ్లవాళ్లు కూడా ఉంటారు, పాటల కోసం, స్నేహితుల కోసం వస్తారు. వాళ్ల కథలో గంగజాతర ఉంటే ఉండనివ్వండి. వాళ్లను వేరే కథ రాయమని అందరి ముందూ అనకండి.

సంఘ సభ్యుడు, పలమనేరు

పాస్టరమ్మగారూ, 88వ కీర్తన మాట విన్నాక నేను కొంచెం ఆగి ఆలోచించాను. కార్యక్రమం అంతటికీ ఒకటే వాక్యం అన్నది నాకు సమ్మతమే. పిల్లలకు వాక్యం రాకుండా పోకూడదు అన్నది మాత్రం నా మనసులో అట్లాగే ఉంది, దానికి కంఠత వాక్యాల సమయం వేరుగా ఉంచండి చెల్లెమ్మా, దాన్ని తగ్గించొద్దు.

చిత్తూరు సండే స్కూల్ టీచర్

అందరికీ నిండు మనసుతో వందనాలు. కంఠత వాక్యాలు తగ్గించను అన్నా, మాట ఇస్తున్నాను. వచ్చే ఆదివారం తుఫాను కథ గళ్లు మాత్రం నేలమీద సుద్దముక్కతో గీసి అందరం కలిసి చేస్తాం. ఆ తర్వాతి వారం వాళ్ల సొంత గళ్లు, దాని తర్వాతి వారం ఇద్దరిద్దరు చెప్పుకోవడం, ఆఖరున రాయడం. ఇంకొక్క సందేహం. పెద్దపిల్లలతో పాటు వాళ్ల తమ్ముళ్లు చెల్లెళ్లు కూడా వచ్చి కూర్చుంటారు, 4, 5 ఏళ్లవాళ్లు. వాళ్లను ఏం చేయాలి?

ఒకటో తరగతి టీచర్, తిరుపతి

వాళ్లకు మూడు గళ్లు చాలు సిస్టర్: ముందు, తర్వాత, చివర. రాయించొద్దు, వాళ్లు చెప్పింది మీరు బొమ్మ కింద రాసి వాళ్లకే చదివి వినిపించండి. అక్కనో అన్ననో జతగా కూర్చోబెట్టొద్దు, చిన్నదాని కథ పెద్దది చెప్పేస్తుంది. వేరే ఇంటి పెద్దపిల్లతో కూర్చోబెట్టండి. ఇంకా, ఆ వయసువాళ్లు ఒక వారం చెప్పిన కథ ఇంకో వారానికి పూర్తిగా మార్చేస్తారు, కంగారుపడకండి, చివరి వారం ఏది చెప్తే అదే ఉంచండి.